విప్పని ముళ్లు

మూడేండ్ల కింద ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి భద్రాచలం అడవిలో గుడిసెలేసుకున్నోళ్లకు మలేరియా గోలీల సంగతి ఎంత అర్థమైందో మార్కులెయ్యాలని, ఆ గోలీలిచ్చిన నర్సమ్మనే పంపిండ్రు. మొదటి గుడిసె ఆమెకు తెలుగు అంతంతే. నర్సమ్మ చేతిలో కాగితం చూస్తే ఆ కాస్తా పోయింది.

"గోలీలు ఎన్ని రోజులు మింగాలక్కా?"

"అవ్."

"అవ్ కాదు, ఎన్ని రోజులు?"

"అవ్, అవ్."

"గిట్లయితే సున్నా ఏసుడే."

ఆమె లోపలికి పోయి తాడు తెచ్చింది.

"నువ్వు పద్నాలుగు చెప్పినవ్. నేను పద్నాలుగు ముడి ఏసిన. గోలీ మింగుడు, ముడి విప్పుడు. ఇగో, ఒకటే ఉన్నది."

"అబ్బ! ఎవరు నేర్పిండ్రు?"

"మా ఊర్ల గట్లనే. పండగకు పిలిస్తే తాడు పంపుతరు. దినానికో ముడి విప్పుతం. అన్ని ముళ్లు అయినంక పోతం. డోలు, ఇప్పసారా, ఆట..."

నర్సమ్మ సున్నా కొట్టేసి పదికి పది ఏసింది. తలెత్తితే వాసానికి ఇంకో పాత తాడు.

"మరి గదేందక్కా? నాలుగు ముళ్లు అట్లనే ఉన్నయ్. గోలీలు మర్చిపోయినవా?"

"అది గోలీలది కాదు. మా అమ్మ ఊరి పండగది. నాలుగు దినాలుండంగ పానాల భయానికి అందరం ఊరిడిచినం."

"మూడేండ్లాయె గదక్కా. ఇంక విప్పలేదా?"

"విప్పితే పండగ అయిపోతది గద."