పేరు చెప్పి వేసే సూది

నారిన్ కొండల్లో ఒక ఊరి ఆసుపత్రి. మందుల గదికి లోపల గడియ పెట్టి ఉంది. లోపల ఇద్దరే ఉన్నారు: జిల్లా నుంచి వచ్చిన డాక్టర్ ఊల్కాన్, ఈ ఊరి కొత్త కోడలు, నర్సు ఆయ్‌జిరెక్.

"తలుపు తియ్యకక్కా. అవ్వ కొడుకులు నన్ను బతకనివ్వరు."

"తియ్యను. ముందు కూర్చో."

"తెల్లవ్వ ముఖం మీద దుప్పటి కప్పారా?"

"నేనే కప్పాను. పెన్సిలిన్ పడని మనిషికి పెన్సిలిన్ ఎక్కిస్తే ఇంకేం మిగులుతుంది? ఆ సూది పక్క మంచం బాత్మాకి వెయ్యాలి. సైకాల్ అవ్వకెందుకు వేశావు?"

"నేనే పొరపాటు పడ్డాను."

"ఆ ముక్క నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు."

"బయట మీ మామ కూడా అచ్చం అదే అంటున్నాడు. కొత్త పిల్ల, పొరపాటు పడింది, క్షమించండి అని. ఒక్కటే అడుగుతాను. పేరు పిలిచి, ఆ మనిషి పలికాకే సూది వెయ్యమని నేనే వచ్చి నేర్పానా లేదా?"

"నేర్పావు."

"పిలిచావా?"

"ఎలా పిలుస్తానక్కా? ఇద్దరూ మా అత్తింటి పెద్దవాళ్లు, వాళ్ల పేర్లు కోడలు నోట రాకూడదుగా. ఒకావిడ తెల్లవ్వ, ఒకావిడ పొడుగవ్వ. పెళ్లై ఈ లోయకొచ్చిన రోజు నుంచి నాకు అంతే తెలుసు. కాగితం మీద బాత్మా అని ఉంది. ఆ ఇద్దరిలో బాత్మా ఎవరో నేనెవర్ని అడగను?"

"మరి ఇన్నాళ్లూ ఎలా నడిపావు?"

"మా ఇంటి మగాళ్లు ఇక్కడే పనిచేస్తారుగా. ఒకరు నాతో మంచం దాకా వచ్చి, నా బదులు పేరు పిలిచేవారు. పలికినవాళ్లకి నేను వేసేదాన్ని."

"ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే."

"నువ్వడగలేదక్కా."

"అడగలేదు. పద్ధతి పెట్టాను, దాన్ని పలకడానికి వీల్లేని నోరొకటి ఉంటుందని అనుకోలేదు. సరే. ఇవాళ ఎవరు పిలిచారు?"

"ఇవాళ లేచి రాలేదు. టీ తాగుతున్నారు. సూది ఏ అవ్వకని గుమ్మంలోంచి అడిగాను. తెల్లవ్వకే, పో, అన్నారు."

"ఎవరన్నారు?"

"టీ చల్లారిపోతోందన్నారు."

"ఎవరే?"

"అడక్కక్కా."

"మీ చినమామేగా? కోయ్‌చుమాన్? పొద్దున్నుంచే నోరు సారా వాసన కొడుతోంది."

"చినమామని ఏమీ అనకు. ఊళ్లో ఏం పోయినా ఆయన మీదే పడతారు."

"మీ మామ ఉండగా ఇలా జరగనిస్తాడని నేననుకోను. రోగుల భద్రత చూసుకోమని నేనే ఆయనకి అప్పగించాను. ఏంటలా చూస్తావు?"

"ఏం లేదు."

"అవ్వ నోరు తెరవలేదా? తనకి ఆ మందు పడదని ఆవిడకి తెలుసుగా."

"ఏ మందో ఆవిడకేం తెలుసు? కానీ అడిగింది."

"ఏమని?"

"'పేరు చెప్పవేమే కోడలా? పేరు చెప్పేదాకా చెయ్యి ఇవ్వొద్దని ఆ డాక్టరమ్మ మా అందరికీ చెప్పి వెళ్లింది' అంది. నవ్వుతూనే అంది."

"నువ్వు?"

"నేనూ నవ్వాను. నీ పేరు నేనెలా చెప్తానవ్వా అన్నాను. 'అదీ నిజమేలే, మంచి కోడలివి' అని తనే చొక్కా చెయ్యి పైకి లాక్కుంది."

"ఏడవకు."

"ఏడవట్లేదు. వింటున్నాను. గోడవతల నుంచి ఇంకా అడుగుతోంది. నీకు వినిపించట్లేదా?"

"గాలి, ఆయ్‌జిరెక్."

"గాలికి నేను కోడలినా? చెప్పవే కోడలా, చెప్పవే కోడలా అంటోంది."

"ఇటు చూడు. నా వైపు చూడు. పోలీసు బండి వంతెన దాటింది. నేనే పొరపాటు పడ్డానంటే నువ్వు జైలుకి పోతావు. ఆ మనిషి రేపు మళ్లీ టీ తాగుతూ ఇంకో ప్రాణానికి వేలు చూపిస్తాడు."

"చెప్తే ఇంట్లో ఉండనివ్వరు."

"మీ ఆయన?"

"పెద్దల మాటే ఆయన మాట."

"నా చెవిలో చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను."

"చెవిలో చెప్తే ఆవిడకి వినిపించదు. కిటికీ తియ్యక్కా."

"పిచ్చా నీకు? ఊరంతా అక్కడే ఉంది."

"తియ్యి."

"తీశాను. నెమ్మదిగా."

"సైకాల్ అవ్వ కొడుకుల్లారా, ఇటు చూడండి. మీ అమ్మ పేరు పలుకుతున్నాను, సైకాల్. పొద్దునే పలికుంటే బతికుండేది. సూది ఆవిడకే వెయ్యమన్నది చినమామ కాదు. మీ భుజాలు పట్టుకుని ఏడుస్తున్నాడే, ఆయన. మా మామ. జుమాలీ కొడుకు షామిర్కాన్."