ఏడు గ్రాముల ఉత్తరం

ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు తల్లీ, నువ్వు గుడ్లప్పగించి చూస్తున్నావని కాలేజీ వాళ్ళేమీ తొందరపడరు. పొద్దుట్నించీ చూస్తున్నాను, కాలుగాలిన పిల్లిలా ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి ఆ గదిలోకి. మూడు ఆడపిల్లల కాలేజీలకి దరఖాస్తు పెట్టావు, మూడూ ఈ వారంలోనే చెబుతామన్నాయి, చెబుతాయిలే. కూర్చో. అటు కాదు, నాకెదురుగా కూర్చో, ఎదుటి మొహం కనపడకపోతే నాకు మాట రాదు. మీ అమ్మని కూడా పిలు, కూరలు తర్వాత తరుక్కోవచ్చు. రాదటా? సరే, తలుపు తీసి ఉంచు, అక్కణ్ణించే వింటుంది, వినకుండా ఉండలేదు. మా మిల్లీగ్రాము మామయ్య సంగతి నీకెప్పుడైనా చెప్పానా? చెప్పలేదా? అయితే నువ్వు పుట్టి ఇన్నాళ్ళూ నేనేం చేసినట్టు?

మా అమ్మకి సొంత తమ్ముడు. మా నాన్న పోయాక మా ఇంట్లోనే ఉండిపోయాడు, పెళ్ళీ గిళ్ళీ లేదు. ఉద్యోగం తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. ఆయన వీధి మొదట్లో కనపడితే చాలు, చివరి కొట్టువాడిక్కూడా చెమటలు పట్టేవి. ఓ చెక్కపెట్టె, లోపల మఖమలు గుడ్డ, అందులో ఇత్తడి తూకంరాళ్ళు, పెద్దదాన్నించి చిన్నదాకా బడిపిల్లల్లా వరసగా. వేళ్ళతో ముట్టుకోకూడదు, పట్టకారుతో తియ్యాలి. వేలి జిడ్డు అంటితే బరువు మారిపోతుందిట. మా అమ్మ కుట్టుమిషను పక్కనే ఆయన బల్ల, బల్ల మీద గాజుపెట్టెలో చిన్న త్రాసు. ఆయన తూచేటప్పుడు ఫ్యాను ఆపెయ్యాలి, అమ్మ మిషను ఆపెయ్యాలి, అక్కా నేనూ ఊపిరి బిగబట్టాలి. నవ్వకు, నిజం. దగ్గొస్తే? మింగాలి. ఓసారి నాకు ఎక్కిళ్ళు పట్టుకుంటే సాయంత్రందాకా పెరట్లో కూర్చోబెట్టాడు. సబ్బుబిళ్ళని స్నానానికి ముందోసారి, తర్వాతోసారి తూచేవాడు. 'పెద్దదానికి పద్ధెనిమిది గ్రాములు, చిన్నదానికి ఇరవై ఆరు. చిన్నదాని ఒంట్లో అంత మురికేముందక్కా?' అనేవాడు. మా అమ్మ మిషను తొక్కుతూనే, 'అది సబ్బుతో ఆడుకుంటుందిరా, నువ్వు రాళ్ళతో ఆడుకోవట్లేదూ' అనేది. కానీ మంచివాడు తల్లీ. రోజూ పొద్దున్నే ఆ త్రాసు ముందు నిలబడి, 'దేవుడా, నా చేత్తో ఎవరికీ అన్యాయం జరగనివ్వకు' అని చేతులు జోడించేవాడు. ఆ దణ్ణం దొంగ దణ్ణం కాదు. దేవుడు విన్నాడు కూడాను, కాకపోతే ఆయన వినే పద్ధతి మనకి ఓ పట్టాన అర్థం కాదు.

ఏమిటి చెబుతున్నాను? ఆఁ, అక్క. అక్కకి లెక్కలంటే ప్రాణం. నోట్లో నాలుక లేని మనిషి, కానీ లెక్కల పుస్తకం ఇస్తే గంటలు గంటలు గొణుక్కునేది. రెండు ఆడపిల్లల కాలేజీలకి పెట్టింది, కొండ మీది దానికొకటి, స్టేషను దగ్గర దానికొకటి. హాస్టలుండి లెక్కలు చెప్పేవి అవి రెండే. రాకపోతే ఇంకేముంది, అమ్మ పక్కన కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టడమే. అమ్మ అప్పటికే ఓ సూది తీసి పక్కన పెట్టింది, పాపం చెడ్డ ఉద్దేశంతో కాదులే. మార్కుల పట్టీలు, నడవడిక సర్టిఫికెట్టు, అన్నిటికీ దళసరి కాగితాల మీద నకళ్ళు తీయించి, కవర్లు మామయ్యే అంటించాడు. అంటించి, తూచి, పోస్టు చేశాడు.

ఇక చూసుకో, ఎదురుచూపులు. మామయ్య చేతులు కట్టుకుని కూర్చునే రకమా? ముందటేడు కంపౌండరు గారి అమ్మాయికి నర్సుల బళ్ళో సీటొచ్చిన ఉత్తరం అడిగి తెచ్చి తూచాడు. ముప్ఫై ఒక్క గ్రాములు. హాస్టలు నియమాలు, తెచ్చుకోవలసిన సామాను జాబితా, ఫారాలు, అన్నీ ఉన్నాయందులో. వాళ్ళ రెండోదానికి రాలేదు, ఆ ఉత్తరం ఆరు గ్రాములు. అంతే, ఆ రాత్రి అన్నాల దగ్గర ప్రకటించేశాడు. 'పది గ్రాములు దాటితే అవును, దాటకపోతే కాదు. ఉత్తరం వస్తే ముందు నా బల్ల మీదికి రావాలి. పది లోపుదైతే అసలు విప్పనే విప్పం. చదివితే అవమానం, చదవకపోతే ఉత్త కాగితం.'

పిచ్చి కాదు, ఉండు. దానికో కారణం ఉంది. కుర్రతనంలో ఆయనా కాలేజీకి రాశాడు, రాలేదు. వచ్చిన జవాబులో ఒక్క వాక్యం ఆయన చెవిలో జోరీగలా దూరి మళ్ళీ బయటికి రాలేదు. 'తమరి అర్హతలను క్షుణ్ణముగా పరిశీలించితిమి. తమరు ఈ సంస్థకు తగినవారు కాదని తెలియజేయుటకు చింతిస్తున్నాము.' గెడ్డం గీసుకుంటూ అదే, చెప్పులు తుడుచుకుంటూ అదే. 'మామయ్యా, సబ్బుందా?' అంటే, 'లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము' అనేవాడు. మేము నవ్వేవాళ్ళం. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు, ఆ సంగతి నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు. అలాంటి వాక్యం అక్క చెవిలో పడకూడదని ఆయన తాపత్రయం.

కొండ మీది కాలేజీ ఉత్తరం ముందొచ్చింది. ఫ్యాను ఆగింది, మిషను ఆగింది, మా ఊపిర్లు ఆగాయి. మామయ్య ఒక్కో రాయీ పెట్టి తీసి, కళ్ళజోడు సవరించుకుని, 'ఏడు' అన్నాడు. అంతే. ఆ కవరుని గాజుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. నువ్వైతే లాక్కుని చించేసేదానివి, నాకు తెలుసు. అక్క అడగలేదు. విప్పనంతసేపూ ఏ మూలో ఆశ ఉంటుంది కదా, దాన్ని ఎందుకు పోగొట్టుకోవడం అనుకుందేమో. అన్నం తినేసి, గిన్నెలు కడిగేసి, అమ్మ పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కించింది. అమ్మ ఆ పూట ఓ చొక్కాకి చెయ్యి కుట్టాల్సిన చోట జేబు కుట్టేసింది. మామయ్య తొమ్మిది రోజులు గెడ్డం గీసుకోలేదు.

పదో రోజు పొద్దున స్టేషను కాలేజీది వచ్చింది. పోస్టాయన చేతిలోంచి తీసుకుంటూనే మామయ్య మొహం మారిపోయింది, ఆ చేతికి త్రాసెందుకు? అయినా పెట్టి చూశాడు. యాభై రెండు. మళ్ళీ పెట్టాడు. యాభై రెండు. మూడోసారి పెట్టి, లేచి, వీధిలోకి పరిగెత్తాడు. ఆయన పరిగెత్తడం ఎవరూ చూసి ఎరగరు, ఏదో కొంప మునిగిందని వీధి వీధంతా బయటికొచ్చింది. 'మా పిల్లకి సీటొచ్చింది, రండి, మీ అందరి ముందూ చదువుతాను' అంటూ చేతులు పట్టుకుని లాక్కొచ్చాడు. కంపౌండరు గారి కుటుంబం, గడియారాలు బాగుచేసే ఆయన, ఏటా ఆయన చేత చీవాట్లు తినే చక్కెర కొట్టాయన, అందరూ మా గుమ్మంలో. మామయ్య కుర్చీ ఎక్కి నిలబడి కవరు విప్పాడు. లోపల్నించి అక్క మార్కుల పట్టీల నకళ్ళు, నడవడిక సర్టిఫికెట్టు, ఫోటోలు జారాయి. ఆఖర్న చిన్న చీటీ. సంబరంలో ఉన్నాడు కదా, ఆగకుండా గట్టిగా చదివేశాడు. 'తమరికి ఈ సంవత్సరము సీటు ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తూ, తమరి కాగితములు తిప్పి పంపుచున్నాము.'

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని సామెత. ఇక్కడ ఎవరూ నవ్వనైనా నవ్వలేదు, అది ఇంకా ఘోరం. ఎలాంటి వాక్యం అక్క చెవిలో పడకూడదని నోరు నొక్కుకుని కూర్చున్నాడో, అలాంటిదే కుర్చీ ఎక్కి వీధికంతటికీ వినిపించాడు. దిగాడు. ఏం చేశాడనుకున్నావు? ఆ చీటీని త్రాసులో పెట్టాడు. 'మూడు గ్రాములు' అన్నాడు. 'కాదు అన్న మాట మూడు గ్రాములేనక్కా. మిగతాదంతా పిల్ల కాగితాలే.' చక్కెర కొట్టాయన చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతున్నాడు, మింగలేక కక్కలేక. అప్పుడు, అదిగో అప్పుడు, అక్క నోరు విప్పింది. 'మామయ్యా, రాని వాళ్ళ కాగితాలు తిప్పి పంపుతామని ఫారంలోనే ఉంది. రెండు కాలేజీల ఫారాల్లోనూ ఉంది. మరి కొండ మీది వాళ్ళు నావి పంపలేదు.'

లెక్కల పిల్ల కదా. మామయ్య దానికేసి చూశాడు, గాజుపెట్టెకేసి చూశాడు. తాళంచెవి జేబులోనే ఉంది, చెయ్యే జేబులోకి పోవట్లేదు. అమ్మ లేచి ఆయన జేబులోంచి తీసింది. ఏడు గ్రాముల్లో ఏముందంటావు? 'తమరు ఎంపికైనారు. ఇరవయ్యో తేదీ సాయంత్రము అయిదు గంటలలోగా స్వయముగా హాజరు కావలెను. రానిచో సీటు వేరొకరికి ఇవ్వబడును.' ఆ రోజు ఎన్నో తేదీ అనుకున్నావు? ఇరవయ్యే. పదకొండు కావస్తోంది.

చక్కెర కొట్టాయన బంగారం లాంటి మనిషి. అప్పటికప్పుడు వ్యాను తీశాడు. మామయ్య అలవాటుగా తూకంరాళ్ళ పెట్టె చంకలో పెట్టుకునే ఎక్కాడు. ఇక్కణ్ణించి అక్క చెప్పిందే చెబుతున్నాను, ఓ పిసరు ఎక్కువా లేదు, తక్కువా లేదు. వెనకాల చక్కెర బస్తాలు దింపే తీరిక కూడా లేదు, ఆ బరువుతో కొండెక్కలేక వ్యాను రెండుసార్లు ఆగిపోయింది. గేటు దగ్గరికి చేరేసరికి అయిదుంబావు. వాచ్‌మన్ తలుపు తియ్యనంటాడు. 'టైమైపోయింది పెద్దాయనా, వెళ్ళు.' మామయ్య జన్మలో అబద్ధం ఆడి ఎరగడు. 'లోపల కాటా ఏమైనా ఉందా?' అన్నాడు. 'వంటింట్లో ఉంది, ఎందుకూ?' ఉద్యోగపు కార్డు తీసి చూపించాడు. కాటా ఉన్న చోటికి ఆయన ఏ వేళప్పుడైనా వెళ్ళచ్చు, చట్టం. వాచ్‌మన్ తలుపు తీశాడు. తీశాక ఆఫీసుకేసి పరిగెత్తాలా వద్దా? లేదు, తనిఖీకని లోపలికి వచ్చాడు కాబట్టి తనిఖీ చెయ్యాల్సిందే. అక్క ఆఫీసు కిటికీ ముందు నిలబడి గుమాస్తాని బతిమాలుతోంటే ఈయన వంటింట్లో బంగాళాదుంపలు దింపించి రాళ్ళు పేరుస్తున్నాడు. కిలోకి యాభై గ్రాములు తక్కువ. అంతే, కాటాకి సీలు, ప్రిన్సిపాలుగారి మీద కేసు.

ఆవిడ వచ్చింది, తెల్లచీర, పెద్ద కళ్ళజోడు. అక్క మామయ్య చొక్కా లాగుతోంది, 'మామయ్యా, నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కరోజుకీ వదిలెయ్యి' అని. 'నీ సీటు వేరు, వాళ్ళ తూకం వేరు' అన్నాడు. ఆవిడ అడిగింది, 'ఏమండీ, మా మీద కేసు రాసి, మా దగ్గరే సీటు అడుగుతున్నారా?' 'అవునండీ. రెండూ ఇవాళ్టి తేదీతోనే కావాలి.' ఆవిడ సీలు వేసిన కాటాకేసి చూసిందిట. 'ఈ కాటాతో ఎన్నాళ్ళనించి వడ్డిస్తున్నామో' అని తనలో తనే అనుకుని, కలం తీసి ముందు కేసు కాగితం మీద సంతకం పెట్టింది, ఆ తర్వాత అక్క ఫారం మీద. తేదీ ఇరవై. దేవుడి దయ ఏ వంటింటి తలుపులోంచి వస్తుందో ఎవరు చెప్పగలరు తల్లీ.

మర్నాడు పొద్దున అక్కని హాస్టల్లో దింపి మామయ్య ఒక్కడే వచ్చాడు. అమ్మతో సంగతి గుమ్మంలోనే చెప్పేసి, లోపలికి రాకుండా, చెప్పులైనా విప్పకుండా మళ్ళీ వీధిలోకి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. ఒక్కో ఇంటి తలుపూ తట్టడం, 'నిన్న మీకు చెప్పింది తప్పు. మా పిల్లకి సీటు వచ్చింది. తప్పు కాలేజీది కాదు, నాది' అనడం, పక్కింటికి పోవడం. ఎవరైనా కూర్చోమన్నా కూర్చోలేదు. ఆఖర్న చక్కెర కొట్టు. 'నాకెందుకు సార్ చెప్పడం, తీసుకెళ్ళిందే నేను కదా' అన్నాడాయన. 'నిన్న నేను చదువుతుంటే విన్నవాళ్ళలో మీరూ ఉన్నారు' అని మామయ్య మొత్తం చెప్పాడు, మళ్ళీ మొదట్నించీ. చక్కెర కొట్టాయనకి ఇన్నేళ్ళకి అవకాశం దొరికింది మరి, ఊరుకుంటాడా. నవ్వుతూ, 'ఏటా నా కొట్టుకొచ్చి తేడా ఎంతో గ్రాములతో సహా రాసి చేతిలో పెడతారు కదండీ. మరి మీ తేడా ఎంత?' అన్నాడు.

తూకంరాళ్ళ పెట్టె మామయ్య చేతిలోనే ఉంది. దాన్ని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

'తెలీదండీ' అన్నాడు. 'అంత పెద్ద రాయి నా దగ్గర లేదు.'

...

వాన మొదలైనట్టుంది. మీ అమ్మతో చెప్పు, మేడ మీద బట్టలున్నాయి.