పసుపు ఆకుల బెండ

పెరట్లో బెండమడి మొత్తం పీకేసి ఉంది. భర్త విసిరిన చెంబు తగిలి ఆమె కనుబొమ్మ చిట్లింది.

"అది కొత్త రకమే. దాని ఆకులు పుట్టుకతోనే పసుపు. ఎవరు పీకమన్నారు నిన్ను?"

"మీరే. పోయినేడు పసుపెక్కిన మొక్క ఒక్కటి పీకకుండా వదిలేస్తే, మడంతా తెగులు పాకిందని నా చెయ్యి విరగ్గొట్టారు."

"అది వేరు, ఇది వేరు."

"కొత్త రకమని ఒక్క మాట చెబితే మీ నోట్లో ముత్యాలు రాలిపోయేవా?"

"నాకే ఎదురు చెప్తావా?" అంటూ అతను పార ఎత్తాడు.

ఆమె కంట్లోకి కారుతున్న రక్తం తుడుచుకోలేదు. గోడకు ఆనించిన కొడవలి అందుకుంది.

"ఏంటది? కింద పెట్టు."

"తెగులు కనపడగానే పీకెయ్యాలని నేర్పింది మీరేగా. మడిలో ఇంక మొక్కలేవీ మిగల్లేదు. పార దించు."

అతను దించాడు.