జిగురు పూయని పుస్తకాలు

హలో… ఆ, నేనేనమ్మా. బైండింగు షాపే.

…రేపు సాయంత్రం ఆవిష్కరణ అని తెలుసు. మూడొందలూ కుట్టడం అయిపోయింది. పేర్చి బరువు పెట్టాను. వీపులకి జిగురు పూయడమే మిగిలింది…

…లేదు, ఒంట్లో బాగానే ఉంది. జిగురూ ఉంది, గిన్నెలో గడ్డకట్టి. చిక్కంతా దానితోనే.

మీ పుస్తకం చదివాను.

…చదవకూడదా? ఫారాలు మడిచేటప్పుడు కళ్లు ఎక్కడ పెట్టుకోమంటారు? …ఆ, మొత్తం. మూడు వారాలుగా పాలు మానేసి నల్ల టీయే తాగుతున్నాను. మా ఆవిడ జబ్బు మనిషిని చూసినట్టు చూస్తోంది… నవ్వకండి. మీరు రాసినందుకే.

విషయానికొస్తున్నా. నలభయ్యొకటో పేజీలో తోళ్లూ ఎముకలూ ఉడకబెట్టి ఏమేం తీస్తారో వరసగా రాశారు. సబ్బు రాశారు, మాత్రల తొడుగులు రాశారు. పుస్తకాల జిగురు రాయలేదు.

…అవును. ఇదీ అందులోంచి తీసిందే.



…తెల్ల జిగురా? అది ప్లాస్టిక్కేనమ్మా. ప్లాస్టిక్ ముట్టుకోవద్దని మీరేగా చీటీ పంపారు, చేపల పొట్టలోకి పోతుందని. పాతకాలం పద్ధతే కావాలన్నారు. పాతకాలం పద్ధతంటే ఇదేనమ్మా. పైగా మొదటి పేజీలో అచ్చేశారు, ప్లాస్టిక్ లేదని… నిజమే. ఆరాక తెల్ల జిగురు మెరుస్తుంది, ఎవరైనా పట్టేస్తారు. ఇది కనిపించదు. అదీ నిజమే.

మైదా ఉడకబెట్టి పూయొచ్చు. ఆరడానికి రెండు రోజులు. సభ రెండు రోజులు వెనక్కి జరపరాదూ… పెద్దవాళ్లు మళ్లీ దొరకరా. ఊఁ.

…ఎలాగూ వండేసిన జిగురే కదా అంటారా? దానికి జవాబు మీరే రాశారు, తొంభై ఆరో పేజీలో. ‘ఎలాగూ చచ్చిందే కదా అనేవాడే ఇంకోదాని చావుకి చీటీ రాస్తాడు’ అని. అక్కడ మడత ఆపి రెండుసార్లు చదివాను. బాగా రాశారు.

…వెక్కిరింత కాదమ్మా. నాకు వెక్కిరించడం రాదు.

…ఎవరికీ చెప్పొద్దా? నేనెవరికి చెప్తాను. నాతో మాట్లాడేది మా ఆవిడొక్కతే. టీ గొడవ మొదలయ్యాక అదీ తగ్గించింది.

…పూసెయ్యమంటారు.

…మీ ఆఖరి మాట అదేనా?

సరే. పొద్దున్నే గిన్నె పొయ్యి మీద పెడతాను. పలచబడేదాకా కలిపి ఇస్తాను. కుంచె మాత్రం మీరు పట్టుకోండి…

…అవును, మీరే. ముప్పయ్యేళ్లుగా పూస్తున్నానమ్మా, ఎన్నడూ ఇలా కాలేదు. మూడు రోజులుగా నా చెయ్యి దానిమీదికి పోవడం లేదు. రాసిన చెయ్యి కదా, మీదైతే పోతుందేమో.

…నేర్పిస్తాను. కష్టం కాదు. పైనుంచి కిందికి ఒక్కటే గీత. మూడొందల సార్లు.

…అడ్రసా? మార్కెట్టు వెనక సందు. నంబరు వెతుక్కోనక్కర్లేదు. గిన్నె మరుగుతుంటుంది, ఆ వాసన పట్టుకుని వచ్చెయ్యండి…

హలో… అమ్మా?

హలో…