పొలిక్సేని పెద్దమ్మ ఇంట్లో వద్దంటే వద్దే

1956 ఫిబ్రవరి పన్నెండు, ఆదివారం. గాలి లేదు, మబ్బు లేదు, ఎండ కళ్ళలో గుచ్చుకుంటోంది, సరస్సు మాత్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా గడ్డకట్టి అద్దంలా ఉంది. తేదీతో సహా ఎలా గుర్తుందంటావా? చెప్తా, ముందు కూర్చో ఫానీ. ఆ పిల్లిని కుర్చీలోంచి తోసెయ్, అదేమీ అనుకోదు. నువ్వడిగింది నీ కొడుకు తోమాస్ గురించి కదా. పడవల షెడ్డు మీంచి దూకమని స్నేహితులు అంటే, వాడు వద్దు వద్దంటూనే ఎక్కాడు, దూకాడు, చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. రేపు కట్టు విప్పగానే మళ్ళీ అదే గుంపు. "వాడికి ధైర్యం ఎలా నేర్పాలి తాతయ్యా" అంటున్నావు. ధైర్యానికేం తల్లీ, షెడ్డు మీంచి దూకాడుగా! వాడికి లేనిది వేరే. నేను యూనివర్సిటీలో ఉన్నప్పుడు ఒక ప్రొఫెసరు పిల్లల మనస్తత్వం మీద ఏడాది పొడుగునా పాఠాలు చెప్పాడు. ఆయన ముక్కు మీద పులిపిరి గుర్తుంది, పాఠం ఒక్కటీ గుర్తులేదు. నాకు గుర్తున్నదంతా మా పొలిక్సేని పెద్దమ్మ.

మా అమ్మకి అక్క ఆవిడ. పెళ్ళి చేసుకోలేదు. బొచ్చు కోట్లు కుట్టేవాళ్ళ దగ్గర మిగిలిన తోలు ముక్కలు తెచ్చుకుని, సరస్సు వైపు కిటికీ దగ్గర కూర్చుని, వాటిని అతికించి కుట్టేది. మనిషి సన్నగా, గొంతు మాత్రం బండ. ఆవిడకి స్టెర్గియోస్ అని ఒక తమ్ముడుండేవాడు, నేను పుట్టకముందే పోయాడు. ఎలా పోయాడో చెప్తే నీకు మన ఊరి సంగతి అర్థమవుతుంది. మన ఊళ్ళో ఎవరింటికెళ్ళినా ఏం చేస్తాం? పళ్ళెంలో పంచదార పాకంలో ఊరేసిన పండు, మంచినీళ్ళు తెస్తారు. "అబ్బే, వద్దండీ." "ఒక్క చెంచాడు!" "నిజంగా వద్దు, ఇప్పుడే తిన్నా." "మా మీద ఒట్టు!" "అయ్యో, మీకెందుకండీ శ్రమ." ఇలా మూడుసార్లయ్యాక తింటాం. మొదటిసారికే తీసుకుంటే తిండిపోతు అంటారు. మూడుసార్లూ కాదన్నాక కూడా తినకపోతే పొగరు అంటారు. ఊయలలో ఉన్నప్పటినుంచీ పిల్లలు చూసేది ఇదే. సరే, ఒక చలికాలం స్నేహితులు స్టెర్గియోస్‌ని మంచు మీద నడుద్దాం రమ్మన్నారు. వద్దన్నాడు. రమ్మన్నారు. వద్దన్నాడు. మళ్ళీ రమ్మన్నారు, మళ్ళీ వద్దన్నాడు, ఆ తర్వాత వెళ్ళాడు. నడిమధ్యలో మంచు విరిగింది. శవం దగ్గర ఆ స్నేహితుల్లో ఒకడు గుండెలు బాదుకుంటూ ఏమన్నాడో తెలుసా? "మూడుసార్లు వద్దన్నాడమ్మా, మొహమాటపడుతున్నాడనుకున్నాం! అందరూ అంటారుగా!" ఆ మాట పెద్దమ్మ చెవిలో ఉండిపోయింది.

అప్పటినుంచీ ఆవిడింట్లో ఒకటే పద్ధతి. పళ్ళెం తెచ్చేది. నువ్వు "అబ్బే, వద్దండీ" అన్నావనుకో, "సరే" అని వెనక్కి పట్టుకుపోయేది. అంతే, మళ్ళీ అడగదు. చర్చి ఫాదరు ఒకసారి ఉపవాసం విడిచిన రోజున వచ్చాడు, ఉల్లికాడలు పెట్టి కాల్చిన పిట్టా రొట్టె పొయ్యి మీంచి అప్పుడే దిగింది, వాసన వీధి చివరిదాకా కొడుతోంది. ఆయన అలవాటుకొద్దీ "ఎందుకమ్మా ఇవన్నీ" అన్నాడు. "సరే ఫాదర్" అని మూత పెట్టేసింది. పాపం, గంటసేపు ఆ మూతనే చూస్తూ కూర్చున్నాడు. బయటికొచ్చి మా అమ్మతో, "మీ అక్కకి మర్యాద ఎవరూ నేర్పలేదా?" అన్నాడు. ఊరంతా తిట్టుకుంది. పిల్లలకి మాత్రం ఆ ఇల్లు స్వర్గం. ఎందుకంటే, ప్రపంచం మొత్తమ్మీద మా మాట చెల్లే చోటు అదొక్కటే. మా మేనమామ గడ్డం వేసుకుని ముద్దు పెట్టు, ముద్దు పెట్టు అని నన్ను లాగేవాడు. "వాడు వద్దన్నాడు, విన్లేదా?" అని సూది చేత్తోనే లేచేది ఆవిడ. కావాలన్నా అంతే. కావాలంటే పెట్టేది, "ఇప్పుడేగా అన్నం తిన్నావు, సిగ్గులేదా" లాంటివి లేవు. ఇంకొకటి, ఆవిడ మాతో ఒక ఆట ఆడేది. కుడుతూ కుడుతూ, నోట్లో దారం పట్టుకుని, మా స్నేహితుల్లా మాట్లాడేది. "రారా, పిరికి వెధవా! మంచు గట్టిగా ఉంది!" నేను "రాను, చలి" అనేవాణ్ణి. "నా కోటు తీసుకో!" "అమ్మ తిడుతుంది." "అమ్మకి చెప్పంలే!" "బూట్లు జారతాయి." "నా బూట్లు వేసుకో! ఇంకేం, పద!" ఇక నా దగ్గర ఏమీ మిగిలేది కాదు. అప్పుడు దారం తుంచి, "చూశావా? కారణం చెప్పావంటే దాన్ని పట్టుకుని లాగుతారు. కారణం చెప్పకు. రాను అను, ఇంటికి నడు" అనేది. మళ్ళీ మొదలెట్టేది. మళ్ళీ, మళ్ళీ. నీకు విసుగొస్తుందేమో గానీ నాకు నవ్వొచ్చేది, ఆ బండగొంతుతో పిల్లవాడిలా మాట్లాడుతుంటే.

ఆ, ఆ ఆదివారం. చర్చిలో ప్రార్థన అయిపోయింది, మేమంతా ఒడ్డున ఉన్నాం. లాజోస్ అని మాలో పెద్దవాడు, అప్పుడే మీసం మొలుస్తోందని తెగ నిమురుకునేవాడు. "అవతలి ఒడ్డు చర్చిదాకా వెళ్ళి, అక్కడి కొవ్వొత్తి ముక్క ఒకటి తెద్దాం. తెచ్చినవాడే మగాడు" అన్నాడు. అందరూ కేక పెట్టారు. నా కాళ్ళు అప్పటికే ఒక అడుగు వేశాయి కూడా. అప్పుడు అన్నా: "నేను రాను." "ఎందుకురా?" నోటిదాకా చలి అనే మాట వచ్చింది, మింగేశా. "రాను." "పిరికి కోడిపెట్టా, గుడ్డు పెట్టరా! కొక్కొక్కో!" ఒకడు నా టోపీ లాక్కున్నాడు. "చెప్పు, భయమా?" "రాను." ఇంకేం చెప్తాడు వాడు? పట్టుకోవడానికి ఏమీ లేదు. వెనక్కి తిరిగి నడిచా. టోపీ లేకుండా, చెవులు గడ్డకట్టిపోతున్నా, వెన్ను మాత్రం వెచ్చగా ఉందంటే నమ్ము.

ఇంకేం, మంచు విరిగి వాళ్ళంతా మునిగిపోయారనుకుంటున్నావు కదూ? లేదు. శుభ్రంగా వెళ్ళారు, కొవ్వొత్తులు పట్టుకుని తిరిగొచ్చారు, నెలరోజులు ఊరేగారు. నేను నెలరోజులు కోడిపెట్టని. ఏడుస్తూ పెద్దమ్మ దగ్గరికెళ్ళా. "మంచు విరగలేదు పెద్దమ్మా!" ఆవిడ నా చెవులు రెండు చేతుల్తో రుద్దుతూ అంది, "విరిగితేనే నీ మాట మాటా? నీకు వెళ్ళాలని లేదు. వెళ్ళలేదు. అదీ సంగతి." నాకు ఏడుపు ఆగిపోయింది. ఆ తర్వాత స్కూల్లో, సైన్యంలో, ఆఫీసులో ఎంతమంది ఎన్నిరకాలుగా కోడికూత కూశారో! నాకు పట్టలేదు. మీ తోమాస్‌కి చెప్పాల్సింది ఇది కాదు ఫానీ, చెప్తే వచ్చేది కాదు. ఇంట్లో వాడు చారు వద్దంటే నువ్వు ఇంకో గరిటె పోస్తున్నావు చూడు, అక్కడ మొదలుపెట్టు.

లాజోసా? వాడు నా టోపీ తిరిగివ్వడానికి పెద్దమ్మ ఇంటికొచ్చాడు. పిట్టా తింటావా అంటే "అబ్బే, వద్దండీ" అన్నాడు, పోగొట్టుకున్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చి గుమ్మంలోంచే "కావాలండీ!" అని అరిచాడు. చివరిదాకా ఆవిడ దగ్గరే కుట్టు నేర్చుకున్నాడు.

ఆవిడ మంచం పట్టాక, వీలునామా రాసేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మమ్మల్ని పిలిచింది. లాజోస్ కుట్టుమిషను అడిగాడు, వాడికి రాసింది. మా చెల్లెలు దెస్పో నోట్లో ఏదో నములుతూనే "రాగి పాత్రలన్నీ నాకు" అంది, ఇచ్చేసింది. ఇక ఇల్లు. సరస్సు వైపు ఆ కిటికీ ఉన్న ఇల్లు. నా వైపు తిరిగి, "నీకు రాయమంటావా నాన్నా?" అంది. ఎంత కావాలనుందో నాకు! చుట్టూ బంధువులు, నేను చదువుకున్నవాణ్ణి... "అయ్యో, నాకెందుకు పెద్దమ్మా" అన్నా. ఆవిడ వీలునామా రాసేవాడి వైపు తిరిగింది. "సరే" అంది. ఇల్లు అడిగిన దెస్పోకి వెళ్ళింది, గొర్రెతోలు కోటు అడిగిన ఫాదరుకి వెళ్ళింది. నాకేమీ రాలేదు.