మేరీ నది రేవుకు క్రేను వచ్చిన వేళ

1872. క్వీన్స్‌లాండ్‌లో మేరీ నది రేవు. ఓడలకు సరుకులమ్మే హెప్సిబా కొట్టు తెరిచి గంటయింది. ముసలి రేవు అధికారి ట్రెవిన్ టోపీ అయినా తీయకుండా లోపలికి వచ్చాడు.

"నవ్వకు హెప్సిబా. అసలే నా ఒళ్ళు మండుతోంది."

"నవ్వట్లేదండీ ట్రెవిన్ గారూ. మళ్ళీ చెప్పండి. క్రేను వచ్చింది."

"వచ్చింది."

"ఓడ మీదే ఉంది."

"ఉంది. చిన్న ఇల్లంత ఉంది."

"దింపాలంటే..."

"దింపాలంటే క్రేను కావాలి! ఇదిగో, నవ్వుతున్నావు!"

"దగ్గండీ, దగ్గు. ఇందాకే మిరియాల బస్తా విప్పాను. సరే, ఓడకి సొంత దూలం ఉంటుంది కదా, బరువులెత్తేది?"

"అది వచ్చేటప్పుడే గాలివానకి విరిగిందట. మిగతా సరుకంతా తొమ్మిది రోజులూ మనుషులే మోసి దింపారు. దీనికోసమని రంపపు మిల్లు వాళ్ళ కప్పీలూ గొలుసులూ తెచ్చాను. పొద్దున్నే ఎత్తబోతే గొలుసు ఫెళ్ళున తెగింది."

"ఎవరికైనా..."

"లేదు, లేదు. ఎవరికీ తగల్లేదు. దేవుడి దయ."

"హమ్మయ్య."

"పోయిన చలికాలం బాయిలర్ దింపుతుంటే మన రేవు కూలీ డనిగన్ కాలు పోయింది చూడు. అందుకే తల్లీ ఈ క్రేను కోసం నేనంత పోరాడింది. ఇంకో మనిషి అలా కేకపెడితే నేను వినలేను."

"నేనూ వినలేనండీ. ఆ రోజు తెరచాప గుడ్డ చింపి కట్టింది నేనే కదా."

"ఇప్పుడు ఆ కెప్టెన్ ఐవర్సన్ చల్లగా ఏమంటున్నాడో తెలుసా? రేపు మధ్యాహ్నం పోటుకి లంగరెత్తేస్తాట్ట. క్రేనుని తీసుకెళ్ళి తర్వాతి రేవు రాక్‌హాంప్టన్‌లో దింపేస్తాట్ట."

"రాక్‌హాంప్టన్ వాళ్ళు మళ్ళీ మనకి పంపరూ?"

"పిల్లి నోట్లో పడ్డ చేప తిరిగొస్తుందా?"

"నిజమే. అయితే ఎత్తొద్దు, దొర్లిద్దాం."

"ఏంటీ?"

"రేపు అమావాస్య పోటండీ. నీళ్ళు బాగా పొంగుతాయి. అప్పుడు ఓడ డెక్కూ మన గట్టూ సమానమవుతాయి. మధ్యలో బల్లలు వేసి, వాటి మీద దుంగలు పెట్టి, దుంగలకి గొర్రె కొవ్వు పట్టించి, గట్టు మీంచి ఎద్దులతో లాగించామంటే..."

"...జారుకుంటూ వచ్చేస్తుంది! ఓరి దేవుడా. కొవ్వుందా నీ దగ్గర?"

"నాలుగు పీపాలు."

"ఎద్దులు?"

"అడవిలోంచి కలప లాగే వాళ్ళవి పద్నాలుగున్నాయి. కబురు పెట్టాను."

"ఎప్పుడు పెట్టావు? నేనిప్పుడే కదా వచ్చాను!"

"గొలుసు తెగిన చప్పుడు ఇక్కడిదాకా వినపడిందండీ."

"హెప్సిబా, ఒక్కమాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. క్రేను వస్తే నీ కొట్టు సంగతేంటి? తొమ్మిది రోజులుండే ఓడ రెండు రోజుల్లో వెళ్ళిపోతుంది. కళాసీలు నీ రొట్టె ఎప్పుడు తింటారు, నీ పొగాకు ఎప్పుడు కొంటారు?"

"మీకు కొవ్వు కావాలా, కబుర్లు కావాలా?"

"కొవ్వే, కొవ్వే."

"అయితే పదండి, కెప్టెన్ గారితో మాట్లాడదాం."

ఓడ డెక్కు మీద కెప్టెన్ ఐవర్సన్ ఉపాయమంతా విని, చేతులు కట్టుకుని, క్రేనుకు కాపలా ఉన్నవాడిలా నిలబడ్డాడు.

"కుదరదు."

"ఏది కుదరదు కెప్టెన్ గారూ?"

"ఏదీ కుదరదు. ఎంత పోటొచ్చినా నా డెక్కు మీ గట్టుకి జానెడు కిందే ఉంటుంది."

"ఓడని తేలిక చేద్దాం. నీళ్ళ పీపాలు దింపేస్తే జానెడేం ఖర్మ, ఇంకా పైకే తేలుతుంది."

"నిన్ననే ఎక్కించాను హెప్సిబా గారూ. మీ దగ్గర కొన్నవే."

"నేనే దింపిస్తాను, నేనే మళ్ళీ ఎక్కిస్తాను. ఉప్పు మాంసం, బిస్కెట్లు, బొగ్గు, అన్నీ."

"నా కళాసీలు అలిసిపోయారు."

"అడిగొచ్చాను. వేడి రొట్టె, మటన్ కూర అన్నాను. లేచి కూర్చున్నారు."

"చూశావా ట్రెవిన్, నా ఓడలో నా మాటకంటే ఈవిడ కూరకే విలువ. సరే, ఎద్దులు నా డెక్కు తొక్కి పాడుచేస్తే?"

"ఎద్దులు గట్టు దిగవండీ. ఓడ మీదికొచ్చేది తాడొక్కటే."

"ఆ తాడు తెగితే?"

"నా కొట్లో తాడా? ఎన్నేళ్ళ నుంచి కొంటున్నారు?"

"ఏడేళ్ళు."

"ఒక్కటైనా తెగిందా?"

"...లేదు."

"మరి?"

"ఏంటయ్యా కెప్టెన్, ఈ నసుగుడు! ఊరంతా చేతులు కలుపుతుంటే నీకేం నొప్పి?"

"నాకేం నొప్పి ట్రెవిన్, నాకేం లేదు. హెప్సిబా గారూ, మీకిది నిజంగా కావాలా?"

"కావాలి."

"దీనివల్ల ఏమవుతుందో ఆలోచించే అంటున్నారా?"

"మీ ఓడ గట్టుకి తగిలినప్పటి నుంచీ అదే ఆలోచిస్తున్నానండీ."

"సరే అయితే. పీపాలు దింపమనండి."

మర్నాడు మధ్యాహ్నం. నది గట్టు అంచుదాకా పొంగింది. ఊళ్ళో సగం జనం రేవులోనే ఉన్నారు.

"సమానమైంది! ట్రెవిన్ గారూ, సమానమైంది! పోనివ్వండి ఎద్దుల్ని!"

"హే! హే! లాగండి! మెల్లగా... మెల్లగా అంటున్నానా!"

"కదిలింది!"

"కొవ్వు! ముందు దుంగకి కొవ్వు పట్టించండి!"

"పట్టిస్తున్నా, అరవకండి!"

"సగం వచ్చింది... ఆపండి! ఆపండి! కెప్టెన్, నీ ఓడ ఇటు ఒరిగిపోతోంది!"

"బరువంతా ఈ అంచుకొచ్చింది కదా, ఒరగదా మరి! కళాసీలంతా అవతలి అంచుకి పరిగెత్తండి! వంటవాడూ, నువ్వూ! పరిగెత్తరా, నువ్వే నలుగురి బరువుంటావు!"

"ఓడ నిలబడింది."

"పోటు నీళ్ళు తగ్గే వేళవుతోంది, తొందరగా!"

"ఆ దుంగ అడ్డం తిరిగింది, ఉండండి, నేను తోస్తాను..."

"హెప్సిబా! అక్కణ్ణించి లే! నీకేమైనా పిచ్చా? చెయ్యి తియ్యి!"

"కొంచెం తోస్తే చాలు..."

"తియ్యమన్నానా! ట్రెవిన్, ఆవిణ్ణి అవతలికి లాగు! ఆ గునపం ఇలా ఇవ్వండి. నా భుజం ఆన్చాను... ఇప్పుడు లాగించు! ఇప్పుడు!"

"లాగండి! హే! హే!"

"వస్తోంది... వస్తోంది..."

"వచ్చేసింది! గట్టు మీదికొచ్చేసింది!"

"ఎవరికైనా తగిలిందా? ముందు అది చెప్పండి. ఎవరికైనా తగిలిందా?"

"లేదండీ ట్రెవిన్ గారూ. ఒక్కరికీ ఏం కాలేదు. కళ్ళు తుడుచుకోండి, జనం చూస్తున్నారు."

"చూడనీ. అరవై ఏళ్ళ వాణ్ణి, నా రేవు, నా ఇష్టం."

దింపిన పీపాలన్నీ మళ్ళీ ఓడెక్కాయి. కెప్టెన్ లంగరు దగ్గరికి వెళ్ళాడు. ట్రెవిన్ క్రేను చుట్టూ మూడోసారి తిరిగి వచ్చాడు.

"ఇదేంటి హెప్సిబా, ఈ పెట్టె? ఇది ఓడ సరుకు కాదే."

"కాదండీ. నాదే."

"నీదా? మరి ఓడెక్కిస్తున్నారేం?"

"ఎక్కించమన్నాను కాబట్టి."

"ఆ భుజానున్న సంచీ?"

"అదీ నాదే."

"కొట్టు తాళాలు నడుముకి లేవేం?"

"డనిగన్‌కిచ్చానండీ. వాడూ వాడి పెళ్ళాం చూసుకుంటారు. కూర్చుని చేసే పనేగా, వాడికి బాగుంటుంది."

"అయ్యో. అయ్యయ్యో. ఎంత పని చేశాను! నా క్రేను నీ పొట్ట కొట్టిందన్నమాట. నిన్ననే అనుకున్నాను. అడిగితే కబుర్లన్నావు."

"అది కాదండీ..."

"ఏది కాదు? నీ చేత్తో నువ్వే దాన్ని దింపి, నీ కొట్టు నువ్వే వదులుకుని, ఊరొదిలి పోతున్నావు. నా మొహం ఎవరికి చూపించను? ఆగు తల్లీ. రేవులో ఏదో ఒక పని చూపిస్తాను."

"కొట్టు గురించి కాదంటున్నానా!"

"మరి దేని గురించి? నిన్న ఆ కెప్టెన్ అయినా నయం. క్రేను దిగకూడదని చివరిదాకా మొండికేశాడు. నీ కొట్టు మీద జాలితోనే అయ్యుంటుంది. ఎంత మంచివాడు!"

"జాలా! ఐవర్సన్‌కా! వచ్చినప్పుడల్లా తొమ్మిది రోజులుండేవాడండీ, మీ క్రేను పుణ్యమా అని ఇక రెండు రోజులకే వెళ్ళిపోవాలని వాడి ఏడుపు. రెండు రోజుల మొగుణ్ణి నేనేం చేసుకోను? అందుకే రాక్‌హాంప్టన్ చర్చిలో పెళ్ళి చేసుకుని, ఏడాది పొడుగునా వాడితోనే తిరుగుదామని నేనే ఓడెక్కుతున్నాను!"