చొక్కా వదిలేదాకా

పసిపిల్లల కేంద్రంలో అన్నాలయ్యాక పిల్లలంతా చాపల మీద నిద్రపోతున్నారు. గోడకు ఆనుకుని కూర్చున్న ముసలాయన దగ్గరికి, ఆ కేంద్రాన్ని నడిపే సంస్థ కొత్తగా పంపిన అధికారిణి వచ్చి గొంతు తగ్గించింది.

"తాతగారూ, కొత్త పిల్లలకి అలవాటయ్యేదాకా ఇంటివాళ్లొకరు పక్కన కూర్చోవచ్చన్నది ఇక్కడి పద్ధతి. మీ మనవడికి ఎప్పుడో అలవాటైపోయింది."

"అలవాటా? నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నాడమ్మా. స్నేహితుల ముందు పరువు పోతుందట."

"మరింకా ఎందుకొస్తున్నారు?"

"నా చొక్కా పట్టుకుని పడుకుందే, ఈ పిల్ల కోసం. వాళ్లమ్మకి ఫ్యాక్టరీలో సెలవివ్వరు. రోజూ దీన్ని నా పక్కన కూర్చోబెట్టి షిఫ్టుకి పోతుంది. అంతకుముందు ఇది మెతుకు ముట్టకుండా ఏడ్చేది."

"మీరు తనకేమవుతారు?"

"ఏమీ కాను."

"అయితే ఇంటివాళ్లు కారు కదండీ. రేపట్నుంచి లోపలికి రాకూడదు."

"వస్తాను."

"పైవాళ్లు నన్నడుగుతారు."

"నా దగ్గరికి పంపండి. వయసులో ఉండగా పొగరుబోతు దున్నపోతుని కొమ్ములు పట్టుకుని ఊరు దాటించి, దారిలో దానికి ఎక్కాలు కూడా నేర్పాను. మీ పైవాళ్లొక లెక్కా?"

"మీకు వేళాకోళంగా ఉంది. వాచ్‌మన్‌ని పిలవమంటారా?"

"పిలవండి. వాడొచ్చేలోగా ఈ వేళ్లు మీరే విడదీయండి. నేను మాత్రం విడదీయను."

ఆమె వంగి చిన్న పిడికిలి మీద చెయ్యి వేసింది. నిద్రలోనే ఆ పిల్ల పట్టు ఇంకాస్త బిగించింది. ఆమె మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రేపు ఎన్నింటికొస్తారు?"

"మీకంటే ముందే."